కాన్పుకు ముందు మనసు సంగతి: సిస్టర్లు, ఆశాలు, డాక్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చాలా ఏళ్లు లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేసి, తర్వాత మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే చదువు, చదువుకుని, ఇప్పుడు సిస్టర్లకూ ఏఎన్ఎంలకూ ఆశాలకూ క్లాసులు చెబుతున్నాను. క్లాసు అయ్యాక వాట్సాప్‌లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. కొన్నిచోట్ల తిట్టినట్టు అనిపిస్తే ఆ తిట్లు ముందు నాకే తగులుతాయి, ఎందుకంటే ఇందులో రాసిన తప్పుల్లో సగం నేనూ చేసినవే.

గర్భిణిని మానసికంగా సిద్ధం చేయడం అంటే ధైర్యం చెప్పడమేగా?

కాదు. "ఏం కాదమ్మా, భయపడకు" అని రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు, కానీ ఆ మాట విన్న మనిషికి కొత్తగా తెలిసింది ఏమన్నా ఉందా? ఆమెకు కావలసినవి మూడు: ఏం జరుగుతుంది, ఎప్పుడు ఆస్పత్రికి రావాలి, ఆ టైమ్‌లో నా పక్కన ఎవరుంటారు. ఈ మూడూ తెలిస్తే భయం పూర్తిగా పోదు గానీ దానికో ఆకారం వస్తుంది, అప్పుడు దాని గురించి మాట్లాడుకోవచ్చు.

భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది అని గ్రాంట్లీ డిక్-రీడ్ అనే బ్రిటిష్ డాక్టరు 1930ల్లోనే చెప్పాడు. అందులో నిజం ఉంది. అయితే ఆ ముక్క పట్టుకుని "నువ్వు భయపడుతున్నావు కాబట్టే నీకు నొప్పి" అని మంచం మీద ఉన్న మనిషితో అనకండి. భయం లేనివాళ్లకీ నొప్పి ఉంటుంది, గర్భసంచి పని చేస్తుంటే నొప్పి రాక ఏం వస్తుంది.

ఎన్నో నెల నుంచి మొదలుపెట్టాలి?

పుస్తకంలో అయితే మొదటి చెకప్ నుంచే అని ఉంటుంది. మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పంపిస్తారు. ఆరు నెలలు తనను చూసిన డాక్టరు, పేరు పెట్టి పిలిచే సిస్టరు, దారి తెలిసిన ఆస్పత్రి, అన్నీ ఆ ఊళ్లోనే ఉండిపోతాయి. నిజామాబాద్‌లో కార్డు రాయించుకున్న అమ్మాయి ఖమ్మంలో కంటుంది, అక్కడి లేబర్ రూమ్‌లోకి మొదటిసారి అడుగుపెట్టేది నొప్పులతోనే. పైగా భర్త ఇక్కడ, తను అక్కడ.

అందుకని నేను చెప్పేది ఏమిటంటే, ఐదో నెలలోనే "కాన్పు ఎక్కడమ్మా?" అని అడగండి. పుట్టింటికి అంటే, వెళ్లాక మొదటి వారంలోనే అక్కడి ఆస్పత్రిలో ఒక చెకప్ చేయించుకుని లేబర్ రూమ్ ఎటు ఉందో చూసి రమ్మనండి. మీరు ఆమెతో మాట్లాడిన విషయాలు, అంటే ఇంతకుముందు అబార్షన్ అయింది, సూదులంటే భయం, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు లాంటివి, ఆమె ఒప్పుకుంటే, చెకప్‌లు రాసే తల్లీబిడ్డల కార్డు (ఎంసీపీ కార్డు)లో ఖాళీ ఉన్నచోట రెండు లైన్లు రాయండి. హిమోగ్లోబిన్ రాస్తాం, బరువు రాస్తాం, "చీకటి గదిలో ఒంటరిగా ఉంచవద్దు" అని ఎందుకు రాయం?

మీరు పుట్టింటివైపు ఊళ్లో పనిచేసేవాళ్లయితే, ఎనిమిదో నెలలో దిగిన అమ్మాయిని కొత్త కేసుగా చూసి పరీక్షలన్నీ మళ్లీ రాసి పంపేయకుండా ఒక్క నిమిషం కూర్చోబెట్టి మీ పేరు చెప్పండి.

మాకు ఓపీలో ఒక్కో మనిషికి రెండు నిమిషాలు కూడా ఉండవు. ఇదంతా ఎప్పుడు చేయాలి మేడమ్?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల మీద నాకు కోపం రాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ చెకప్‌ల రోజు వరండాలో ఎంతమంది నిలబడి ఉంటారో నాకూ తెలుసు.

అయినా ఒక చిన్న సంగతి. బీపీ చూస్తాం కదా, ఆ పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, నంబరు రాసేసరికి నిమిషం పైనే అవుతుంది. పట్టీ ఉబ్బుతున్నప్పుడు మాట్లాడించకూడదు, రీడింగ్ తప్పు వస్తుంది. కానీ చుట్టేటప్పుడు ఒక ప్రశ్న వేసి, విప్పేటప్పుడు జవాబు వినొచ్చు. ప్రశ్న "ఏమైనా డౌట్స్ ఉన్నాయా?" అని మాత్రం కాకూడదు, దానికి అందరూ "లేవు మేడమ్" అనే అంటారు. "కాన్పు గురించి ఎవరు ఏం చెబితే భయమేసింది?" అని అడిగి చూడండి. పిన్ని చెప్పింది, పక్కింటావిడ చెప్పింది, యూట్యూబ్‌లో చూశాను, అని వరసగా వస్తాయి. ఒక విజిట్‌కి ఒక భయం తీసుకున్నా తొమ్మిది నెలల్లో చాలా దూరం వెళ్తారు.

రెండో దారి, వరండాలో ఎలాగూ గంటసేపు కూర్చుంటారు కాబట్టి పది మందిని ఒకచోట కూర్చోబెట్టి, ఇంతకుముందు కన్న ఇద్దరు తల్లులను మాట్లాడనివ్వండి. మనం చెప్పేదానికంటే వాళ్లు చెప్పేది బాగా ఎక్కుతుంది. అయితే మీరు పక్కనే ఉండాలి, లేకపోతే అది దెయ్యాల కథల పోటీగా మారిపోతుంది, నా కళ్లముందే ఒకసారి మారింది.

నొప్పుల గురించి నిజం చెబితే ఉన్న ధైర్యం కూడా పోదా?

అబద్ధం చెబితే నిజం లేబర్ రూమ్‌లో తెలుస్తుంది, అప్పుడు మన మీద నమ్మకం పోతుంది. ఎలా చెప్పాలన్నదే అసలు విషయం.

నేను గడియారం చూపించి చెబుతాను. నొప్పులు బాగా అందుకున్నాక పది నిమిషాల్లో మూడు వస్తాయనుకో, ఒక్కొక్కటి నలభై ఐదు సెకన్లు ఉందనుకో, లెక్క వేయి. మొత్తం రెండు నిమిషాల పదిహేను సెకన్లు. మిగతా దాదాపు ఎనిమిది నిమిషాలు నీవి, ఆ ఎనిమిది నిమిషాల్లో నీళ్లు తాగు, ఒళ్లు వదిలేయి, కళ్లు మూసుకో. సినిమాల్లో చూపించినట్టు గంటల తరబడి ఆగకుండా ఉండదు. ఇది చెబుతుంటే చాలామంది ముఖంలో మార్పు కనిపిస్తుంది, భర్తలకైతే మరీను. చివరి దశలో నొప్పులు ఇంకా దగ్గరవుతాయని, నొప్పులు వచ్చే మందు సెలైన్‌లో పెడితే లెక్క మారొచ్చని కూడా అప్పుడే చెప్పేయాలి.

చేసి చూపించాలి కూడా. గోడకు చేతులు ఆనించి నిలబడమనండి, చిన్న ఐస్ ముక్క అరచేతిలో పెట్టి నిమిషం పట్టుకోమనండి. మొదటిసారి మాట్లాడకుండా, రెండోసారి నెమ్మదిగా ఊపిరి బయటికి వదులుతూ. తేడా తనకే తెలుస్తుంది. ఐస్ ముక్కకీ కాన్పుకీ పోలికేంటి అని ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది, పోలిక లేదు నిజమే, నేర్పేది ఊపిరి.

ఇంకొకటి, దొంగ నొప్పులు. మొదటి కాన్పువాళ్లు రెండుమూడుసార్లు వచ్చి వెనక్కి వెళ్లడం మామూలే. "ఇంకా టైమ్ ఉంది, ఎందుకొచ్చావ్" అని కసిరితే అసలు నొప్పులకు ఆలస్యంగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన ప్రసవ దశ లెక్క, అక్కడినుంచి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు దాటదు. అంతకుముందు దశ ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఈ ముక్క ముందే చెబితే "నిన్నటినుంచి నొప్పులు, ఇంకా కాలేదేంటి" అనే కంగారు ఇంట్లోవాళ్లలోనే సగం తగ్గుతుంది. నెత్తురు కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా గంటలు లెక్కపెట్టకుండా వెంటనే రావాలని మాత్రం గట్టిగా చెప్పండి.

"నాకు నొప్పులొద్దు, ఆపరేషన్ చేసేయండి" అనేవాళ్లకు ఏం చెప్పాలి?

ముందు వినాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. అంటే మన దగ్గర చాలామంది అమ్మాయిలకు అక్కాచెల్లెళ్లలోనో స్నేహితుల్లోనో నార్మల్ కాన్పు అయిన మనిషే కనిపించదు. చూడని దానికి భయపడటంలో ఆమె తప్పేముంది? దీని మీద ముహూర్తం ఒకటి. పంతులుగారు రాసిచ్చిన టైమ్ కాగితం చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను, ఆ కాగితం తెచ్చేది చాలాసార్లు మామగారో తండ్రో అయి ఉంటారు, అమ్మాయి పక్కన నిలబడి నేల చూస్తుంటుంది.

అమ్మాయిని విడిగా అడగండి. నొప్పి భయమా, చెయ్యి పెట్టి చూస్తారని సిగ్గా, కుట్ల గురించా, బిడ్డకేమన్నా అవుతుందనా, ఇంట్లోవాళ్ల ఒత్తిడా. ఒక్కోదానికి ఒక్కో జవాబు. నొప్పి అయితే, నొప్పి తెలియకుండా వీపులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు ఉందని, అది మీ ఆస్పత్రిలో ఉందో లేదో, ఎంత ఖర్చో దాచకుండా చెప్పండి. సిగ్గు అయితే పరదా ఉంటుందని, చురుకైన దశలో మామూలుగా నాలుగు గంటలకు ఒకసారి చూస్తే సరిపోతుందని, అడక్కుండా ఎవరూ ముట్టుకోరని చెప్పండి, చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి. కొందరికి కాన్పు పేరెత్తితేనే చెమటలు పట్టి, రాత్రిళ్లు నిద్ర పట్టక, పిల్లలే వద్దనుకునేంత తీవ్రమైన భయం ఉంటుంది. దానికి మన మాటలు చాలవు, సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించాల్సిందే.

అయితే సిజేరియన్ గురించి క్లాసుల్లో చెప్పకూడదా, నార్మల్‌కే సిద్ధం చేయాలా?

చెప్పి తీరాలి. పై అంకెలు చూశాక కూడా నార్మల్ ఒక్కదానికే సిద్ధం చేస్తే మన ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగంమందిని మోసం చేసినట్టే. వీపులో ఇంజక్షన్ ఇస్తారని, నడుము కిందికి మొద్దుబారుతుందని, గది చల్లగా ఉంటుందని, ఒళ్లు వణకొచ్చని, పొట్టలో లాగుతున్నట్టు నొక్కుతున్నట్టు తెలుస్తుంది గానీ కోస్తున్న నొప్పి ఉండదని, అలా నొప్పి తెలిస్తే వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలని. ఈ వణుకు సంగతి ముందే చెప్పకపోవడం వల్ల టేబుల్ మీద "నేను చచ్చిపోతున్నాను" అనుకున్నామని తర్వాత చెప్పిన తల్లులు ఎంతమందో.

నొప్పులు పడీపడీ చివరికి ఆపరేషన్ అయినవాళ్లు "నావల్ల కాలేదు" అని కుమిలిపోతారు. "అరే, ట్రై చేశావు కదా" అనే ఓదార్పు వద్దు. ఎందుకు ఆపరేషన్ చేయాల్సి వచ్చిందో కారణం అర్థమయ్యేలా చెప్పండి, అదే ఓదార్పు.

భర్తను లోపలికి రానివ్వాలా?

రానివ్వాలనే నా అభిప్రాయం, కానీ ఎవరు కావాలో ఆమె చెప్పాలి. కొందరికి అమ్మ కావాలి, కొందరికి అక్క, ఒకామె నాతో "అత్త వద్దు సిస్టర్, ఎవరూ లేకపోయినా పర్లేదు" అని చెవిలో చెప్పింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు మనిషిని ఉండనివ్వమని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆడతోడు అయితే కాన్పు అనుభవం ఉన్నవాళ్లు మేలు, లేబర్ రూమ్‌లో మరుగు ఉన్నచోట భర్త కూడా ఉండొచ్చు. అడ్డం వచ్చేది ఈ మరుగే. ఒకే హాల్లో ఆరు టేబుళ్లుంటే పక్క టేబుల్ ఆమెకు ఇబ్బంది. పరదాలు కట్టించడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు, మా దగ్గర దుప్పట్ల బట్టతో కుట్టించాం.

తోడు ఉంటే ఏమిటి లాభం అని సూపరింటెండెంట్లు అడుగుతారు. కాన్పు అంతసేపూ ఒక మనిషి పక్కన ఉండటం మీద 2017లో వచ్చిన కొక్రేన్ సమీక్షలో (అధ్యయనాలన్నీ కలిపి తేల్చి చెప్పే నివేదిక అది) 26 అధ్యయనాలు, 15 వేల మందికి పైగా తల్లులు ఉన్నారు. తోడున్నవాళ్లకు నార్మల్ అయ్యే అవకాశం ఎక్కువ, ప్రసవ సమయం కాస్త తక్కువ, కాన్పు చేదు జ్ఞాపకంగా మిగలడమూ తక్కువ అని తేలింది.

భర్తను రానిచ్చి ఊరికే నిలబెడితే ఫోన్ చూసుకుంటాడు, లేదా కళ్లు తిరిగి పడిపోతాడు, అప్పుడు మనకు ఇద్దరు పేషెంట్లు. ముందే పని నేర్పండి: నడుము కింద అరచేతితో ఎక్కడ ఎంత గట్టిగా నొక్కాలి, నొప్పి తగ్గగానే నీళ్ల సీసా అందించడం, తలవైపే నిలబడటం. అతని భయం అతనికి ఉంటుంది, బిల్లు ఎంతవుతుందో, రక్తం ఎక్కడ దొరుకుతుందో, సెలవు ఇస్తారో లేదో, అదంతా మనసులోనే ఉంచుకుంటాడు. "నీకేం టెన్షన్ బాబూ?" అని ఒక్కసారి అడిగితే గడగడా చెబుతారు కొందరు.

ఇంట్లో పెద్దవాళ్లు "ఏడవకు, బిడ్డకు తగులుతుంది" అంటారు. మనం ఏమనాలి?

అభిమన్యుడు కడుపులో ఉండి పద్మవ్యూహం విన్నాడు కాబట్టి నువ్వు ఏడిస్తే బిడ్డ ఏడుపుగొట్టు అవుతుంది, ఇదీ లెక్క. పాటలు వినడం, పద్యాలు చదవడం మంచిదే, ఇష్టమైతే చేసుకోమనండి. కానీ తొమ్మిది నెలలూ నవ్వుతూనే ఉండాలంటే ఏ మనిషివల్లా కాదు, పైగా ఏడుపు వచ్చినందుకు తప్పు చేసినట్టు మళ్లీ ఏడుస్తారు. పెద్దావిడను కించపరచకుండా, "అత్తమ్మా, మీరు మొదటి కాన్పుకి ఏడవలేదా?" అని అడగండి. ఏడ్చే ఉంటుంది. తర్వాత ఆవిడే మీ మనిషి అవుతుంది.

మగపిల్లాడే కావాలన్న ఒత్తిడి మాత్రం వేరే స్థాయి. రెండో కాన్పుకు వచ్చి నొప్పులు పడుతూ కూడా "మళ్లీ ఆడపిల్లయితే" అని వణికేవాళ్లుంటారు. అక్కడ భర్తనూ అత్తనూ కూర్చోబెట్టి మాట్లాడాలి, అవసరమైతే డాక్టరుగారితో చెప్పించాలి.

లేబర్ రూమ్‌లో ఎలా మాట్లాడాలి?

ఎలా మాట్లాడకూడదో ముందు చెబుతా. "అప్పుడు తెలియలేదా, ఇప్పుడు అరుస్తున్నావ్." ఈ మాట వినని లేబర్ రూమ్ నేను చూడలేదు. నైట్ డ్యూటీలో నలుగురిని ఒక్కదాన్నే చూస్తూ నేనూ ఒకసారి అన్నాను. ఆ అమ్మాయి ఆ తర్వాత ఒక్క శబ్దం చేయలేదు, దాన్ని నేను ఆ రాత్రి సహకారం అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఆస్పత్రి కాన్పుల్లో తల్లులను అవమానించడం గురించి ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చిందని తర్వాత చదువులో తెలిసింది. తిట్టడం, కొట్టడం, అడక్కుండా చేయడం అన్నీ అందులో ఉన్నాయి. నెలల తరబడి చేసిన సన్నాహం ఆ ఒక్క మాటతో పోతుంది.

"ఇంకెంతసేపు సిస్టర్?" అంటే "అయిపోయింది, అయిపోయింది" అనకండి, రెండు గంటల తర్వాత మీ మాట ఎవరు నమ్ముతారు? "ఎంతసేపో నేను చెప్పలేను తల్లీ, ఈ నొప్పి దాటిద్దాం" అనండి. అరిస్తే అరవనివ్వండి.

మా దగ్గర మిడ్‌వైఫ్ లేరు. మామూలు స్టాఫ్ నర్సు ఇవన్నీ చేయొచ్చా?

చేయొచ్చు. తెలంగాణలో 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది, 2018 డిసెంబరులో కేంద్రం దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది, కోర్సు 18 నెలలు. దానికి వెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి. కానీ పైన రాసినవాటిలో డిగ్రీ అవసరమైనవి చాలా తక్కువ.

ఇంతకుముందు బిడ్డను పోగొట్టుకున్న తల్లి వస్తే?

ఆ బిడ్డ గురించి మనమే అడగాలి. "పాతవి ఎందుకు గుర్తుచేయడం" అని తప్పించుకుంటాం, ఆమె మర్చిపోతే కదా గుర్తుచేయడానికి. ఏ వారంలో జరిగింది, ఏ ఆస్పత్రి, అప్పుడు ఏం చూసి భయపడింది అడిగి, ఈసారి ఆ వారం దగ్గరకొచ్చినప్పుడు ఒక చెకప్ ఎక్కువ పెట్టండి. బిడ్డ గుండె చప్పుడు ఆమెకు వినిపించేలా పెట్టండి. "ఈసారి బాగా పుడుతుంది" అని మాట ఇవ్వకండి, మన చేతిలో లేనిది మనం ఇవ్వలేం.

ఇది మామూలు టెన్షనా, జబ్బా అని ఎలా తెలుస్తుంది?

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రపోయే అవకాశం ఉన్నా నిద్ర రాకపోవడం, బిడ్డ గురించి మాటే ఎత్తకపోవడం, చచ్చిపోతే బాగుండు అనడం. కాన్పు ముందూ తర్వాతా వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలది ఉంది, గత ఏడు రోజుల గురించి అడుగుతుంది, గర్భంలోనూ వాడొచ్చు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకే జవాబు వచ్చినా, మొత్తం మార్కులు ఎన్నయినా సరే, ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకూడదు, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు ఓపీ గోడ మీద రాసిపెట్టండి.

ముందునుంచీ మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లకు "కడుపుతో ఉన్నావు, ఆపేయ్" అని మనంతట మనం చెప్పడం చాలా ప్రమాదం. సైకియాట్రిస్టు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపించొద్దు.

విదేశాల్లో ఉన్న తెలుగు జంటలకు ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నాను. తేడా ఏముంటుంది?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు సమాచారం ఎక్కువే, మనుషులు తక్కువ. అమ్మ వీసా వచ్చిందా, టికెట్ ఏ తేదీకి, ఇదే పెద్ద బెంగ. అమ్మ రాలేకపోతే ఎవరుంటారో ఏడో నెలకే రాసుకోమనండి, డౌలా (కాన్పులో తోడుండటానికి శిక్షణ పొందిన మనిషి) అయినా సరే, పక్క అపార్ట్‌మెంట్ స్నేహితురాలైనా సరే. నొప్పుల్లో ఇంగ్లిషు తన్నుకు రాదు చాలామందికి, అవసరమైతే దుబాసీని అడగొచ్చని, అది వాళ్ల హక్కని చెప్పండి.

కాన్పు అయిపోయాక మన పని అయిపోయినట్టేనా?

మర్నాడు వార్డుకు వెళ్లి, బిడ్డను చూడకుండా ముందు తల్లిని చూసి, "నిన్న నీకు ఎలా అనిపించింది?" అని అడగండి. మధ్యలో అందుకోకుండా వినండి. మనకు మామూలుగా అనిపించింది ఆమెకు భయంకరంగా ఉండొచ్చు, మనం భయపడింది ఆమెకు తెలిసి కూడా ఉండకపోవచ్చు. తెలియక మిగిలిన ఖాళీలుంటే అప్పుడే పూరించండి.

నిరుడు ఒకామెను అలాగే అడిగితే, నేను గొప్పగా నేర్పించాననుకున్న ఊపిరి సంగతి ఎత్తనే లేదు. "మీరు టీ తాగడానికి వెళ్లేటప్పుడు పది నిమిషాల్లో వస్తానని చెప్పి వెళ్లారు కదా సిస్టర్, వచ్చారు కూడా" అంది.